అక్క పేరున కొన్న షేర్లు

మనిషి మీద పగ పట్టడం తేలిక. కంపెనీ మీద పట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది అవస్థ. దానికి మొహం ఉండదు, పట్టుకోవడానికి కాలరు ఉండదు, పోయి నిలబడి తిట్టడానికి ఒక వాకిలి కూడా ఉండదు. అందుకని నా పగనంతా ఆ కంపెనీలోని ఒక్క మనిషి మీద పెట్టుకుని ఏళ్ళ తరబడి పెంచాను. ఆ మనిషి ఇప్పుడు అందులో ఒక డైరెక్టరు. వార్షిక నివేదిక మొదటి పేజీల్లోనే టై కట్టుకుని నవ్వుతూ కనిపిస్తాడు. ఇది ఆయన కథ అయితే ఎంత బాగుండేది! కాదు. ఇది మా అక్క ఎడమ చెయ్యి కథ.

పంతొమ్మిదేళ్ళు నేను మెడికల్ రిప్రజెంటేటివుగా పనిచేశాను. చాలా పెద్ద కంపెనీ. బీపీ గోళీల నుంచి ఆసుపత్రుల్లో వాడే మిషన్ల దాకా అన్నీ తయారు చేస్తుంది. నేను ఆదిలాబాద్‌లో ఉండేవాణ్ణి. ఒక రోజు నిర్మల్, ఒక రోజు ఇచ్చోడ, ఒక రోజు ఉట్నూర్. బండికి బ్యాగు కట్టుకుని ఘాటు రోడ్డులో తిరిగి తిరిగి నడుము అరగదీసుకున్నాను. డాక్టర్లకు మందు గురించి చెప్పడం సగం పనే. మిగతా సగం మందుల షాపుల్లో. కౌంటరు వెనక్కి పోయి మన మందు ఎన్ని స్ట్రిప్పులుంది, పోయిన నెల ఎంత కదిలింది, తేదీ దాటినవి ఎన్ని పక్కన పడేశారు అని స్వయంగా చూసుకోవాలి. షాపువాడి మాట నమ్మేది లేదు. స్ట్రిప్పు మీద వేలు రాస్తే దుమ్ము అంటకూడదు, అంతే.

మా కంపెనీకి ఒక చిన్న గులాబి రంగు బీపీ గోళీ ఉంది. దాన్ని ఆ జిల్లాలో నిలబెట్టింది నేనే. గొప్పలు చెప్పుకుంటున్నాడు అనుకుంటారేమో, అనుకోండి, నాకేం నామోషీ లేదు. లోపలి ఊళ్ళ ముసలివాళ్ళకు మందు పేరు గుర్తుండదు, చీటీ చదవడం రాదు. అందుకని నేను డాక్టర్లకూ నర్సమ్మలకూ ఒక పని చెప్పాను. గోళీలు అయిపోయినా ఖాళీ స్ట్రిప్పు పారెయ్యొద్దని, రుమాలు కొసకో కొంగుకో కట్టుకుని షాపులో అదే చూపించి కొనుక్కోమని వాళ్ళతో చెప్పించాను. పైవాళ్ళు నేర్పింది కాదది, నా బుర్రలోంచి వచ్చిందే. రెండేళ్ళు తిరిగేసరికి ఊళ్ళకు ఊళ్ళు కొంగున ఖాళీ స్ట్రిప్పు ముడేసుకుని వచ్చేవి.

నేను పగపట్టిన ఆ మనిషి అప్పట్లో మా జోనల్ మేనేజరు. మూడు నెలలకోసారి లెక్కలు మూసే వారం ఆయనకు పూనకం వచ్చేది. ఫోను చేసి "సరుకు ఎత్తించు" అనేవాడు. అంటే అమ్ముడుపోయినా పోకపోయినా టోకు వ్యాపారి గోదాములోకి పెట్టెలకు పెట్టెలు తోసెయ్యాలి. కాగితం మీద అది అమ్మకం. గోదాములో మాత్రం ఎలుకలకు కాలక్షేపం. నేను రెండుసార్లు వద్దని మొత్తుకున్నాను, మిగిలినన్నిసార్లు నోరు మూసుకుని తోశాను. చివరికి తేదీ దాటిన పెట్టెలన్నీ ఒక్కసారే వెనక్కి వచ్చిపడ్డాయి. ఎవరి పని అని పైవాళ్ళు అడిగితే ఆయన నా పేరు చెప్పాడు.

కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక హోటల్లో కూర్చోబెట్టి రాజీనామా కాగితం నా ముందుకు జరిపాడు. ముందే టైపు చేయించి తెచ్చాడు. ఆయన ముందు పూరీ ప్లేటు ఉంది. నేను సంతకం పెడుతుంటే, "ఇక్కడ చట్నీ కొంచెం వెయ్యవయ్యా" అని వెయిటరును పిలిచాడు. నా పంతొమ్మిదేళ్ళు పోతున్నాయి, ఆయనకు చట్నీ చాలలేదు! తర్వాత బ్యాగు ఇచ్చెయ్యమన్నాడు. కంపెనీదట. అందులో నా టిఫిన్ డబ్బా ఉందంటే "తొందరగా తీసుకో" అన్నాడు. ఆ డబ్బా ఒక్కటి చేత్తో పట్టుకుని బస్టాండులో నిలబడ్డాను, ఏ బస్సు ఎక్కాలో తోచలేదు. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా నేను పూరీ ముట్టలేదు.

తర్వాత కరీంనగర్‌లోనే ఆసుపత్రుల వీధిలో చిన్న షాపు పెట్టుకున్నాను. వాకర్లు, చక్రాల కుర్చీలు, తల దగ్గర పైకి లేచే మంచాలు అద్దెకిస్తాను. బతుకు గడిచిపోతోంది. కడుపు మంట మాత్రం ఆరలేదు. ఆ కంపెనీ ప్రకటన టీవీలో వస్తే ఛానెల్ మార్చేవాణ్ణి.

మా అక్క నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. మేము అమ్మను అవ్వ అనీ నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం. అవ్వ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. అప్పటినుంచి నన్ను సంకనేసుకుని పెంచింది ఆమే. ఉట్నూర్ వైపు ఒక ఉపకేంద్రంలో నర్సమ్మగా కాంట్రాక్టు మీద చేరింది, కాంట్రాక్టు మీదే బయటికొచ్చింది. పింఛను లేదు. బావ పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఉన్నదల్లా బాపు ఆమె పేరున రాసిన రెండెకరాల పత్తి చేను. మోకాళ్ళ నొప్పులతో అది చూసుకోలేక అమ్మేసింది. ఆ డబ్బు మీదే ఆమె మిగతా బతుకంతా నడవాలి.

ఒకరోజు పొద్దున షాపు తెరుస్తుంటే ఫోను చేసింది.

"తమ్మీ, మా పక్కింటి సారు జెప్పిండు. షేర్లు కొని ఊకె పెట్టుకుంటే యాడాదికోసారి పైసలొస్తయట. దాన్ని డివిడెండు అంటరట గదా? మందుల కంపెనీదైతే మంచిదంటుండు. నువ్వు జేసిన కంపెనీ పేరే జెప్పిండు. నేను రోజు మింగే గోళీ గూడ గదే గద. నాకెర్కయిన కంపెనీ గదొక్కటే. మంచిదేనా? జర చూసి చెప్పురాదు."

"చూసి చెప్త అక్కా. నేను చెప్పేదాంక ఎవ్వలకు పైసలియ్యకు" అన్నాను.

ఫోను పెట్టేశాక నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఇన్నేళ్ళలో ఆ కంపెనీ గురించి నన్ను అభిప్రాయం అడిగిన మొదటి మనిషి మా అక్క! మంచిదేనా అట! దాని పేగులన్నీ బయటికి లాగి చూపిస్తాను చూడు అనుకున్నాను. ఆ సాయంత్రమే పదేళ్ళ వార్షిక నివేదికలు డౌన్‌లోడ్ చేసి జిరాక్స్ షాపులో ప్రింట్లు తీయించాను. కట్టలు చూసి జిరాక్స్ అతను, "ఏం సార్, ఈ వయసుల పరీక్ష రాస్తున్నరా?" అన్నాడు. "రాస్త లేను, దిద్దుతున్న" అన్నాను. ఆ ఒక్క మాటకే నాకు రెండు రోజులు హుషారు.

షేర్ల విషయం నాకు కొత్తదేం కాదు, షాపు మీద మిగిలిన దాంతో అప్పుడప్పుడు కొనేవాణ్ణి. ఏళ్ళ తరబడి డివిడెండు తినాలని కొనేవాడు ముందు చూడాల్సింది, ఆ కంపెనీ ఏ ఏడాదైనా డివిడెండు ఎగ్గొట్టిందా అని. ఎగ్గొట్టలేదు. అమ్మకాలు పడిపోయిన ఏడు కూడా ఇచ్చింది. సరే, గొప్ప కోసం లాభమంతా పంచేసి రేపటికి ఏం మిగల్చడం లేదేమో అని చూశాను. అదీ లేదు, సగం కన్నా తక్కువే పంచి మిగతాది ఫ్యాక్టరీల మీద, కొత్త మందుల మీద పెడుతోంది. పోనీ అప్పు తెచ్చి పంచుతోందా? అప్పు అంతంతమాత్రం. ఒక్క మందు మీదే బతుకుతోందా? కాదు. ప్రతి పేజీ తిప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. దొంగ ఇంట్లో సోదాకు పోతే అన్నిటికీ రసీదులు చూపించినట్టుంది నా పని.

నా ఆశంతా ఒక్కచోట పెట్టుకున్నాను. టోకు వ్యాపారుల నుంచి రావాల్సిన బాకీలు. గోదాముల్లోకి సరుకు తోస్తే కాగితం మీద అమ్మకం పెరుగుతుంది గాని డబ్బు చేతికి రాదు, బాకీ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఎక్కడుంటుందో నాకు తెలిసినంతగా ఏ నిపుణుడికీ తెలియదు, దాన్ని ఉబ్బించిన చెయ్యి నాదే కదా! పాత నివేదికల్లో కనపడింది, నేను ఉన్నప్పటి ఏళ్ళలో. గుండె ఝల్లుమంది సంతోషంతో. తర్వాతి ఏడు తీశాను, తగ్గింది. ఆ తర్వాతిది ఇంకా తగ్గింది. నన్ను తీసేశాక ఆ దరిద్రపు పని మానేశారన్నమాట! మానేయడానికి నన్నే బలి ఇవ్వాలా?

అంతటితో ఆగినా బాగుండేది. నేను రాజీనామా చేసిన ఏటి నివేదికలో ఒక ఇంగ్లీషు వాక్యం ఉంది. మారుమూల ప్రాంతాల్లో తిరిగే సిబ్బందిని సర్దుబాటు చేయడం వల్ల ఖర్చు కలిసొచ్చిందట. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. సర్దుబాటు! ఆ కలిసొచ్చిన ఖర్చు, బస్టాండులో టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ నేనే అన్నమాట. కిందనే ఇంకో వాక్యం, ఈ ఏడు డివిడెండు పెంచుతున్నామని. నా జీతం కోసి వాటాదార్లకు వడ్డించారు. కట్టలో పైనున్న కొత్త నివేదికలో ఆయన ఫోటో ఉంది. పెన్నుతో ఆయన పండ్లు నల్లగా చేసేశాను. చిన్నపిల్లల పని అని తెలుసు, అయినా చేశాను.

కాగితాల్లో దొరకకపోతే షాపుల్లో దొరుకుతుంది అనుకున్నాను. ఆదివారం షాపు మూసి కారేసుకుని బయల్దేరాను. నిర్మల్‌లో రెండు షాపులు చూశాను, స్ట్రిప్పుల మీద దుమ్ము లేదు. ఇచ్చోడలో నా పాత స్నేహితుడి మందుల షాపు ఉంది. నన్ను చూడగానే, మరాఠీలో అన్నా అన్నట్టు, భావూ అంటూ చేతులు చాపాడు.

"అరే భావూ! తొవ్వ మర్చినవా ఏంది? రా, రా."

అలవాటు ప్రకారం కౌంటరు వెనక్కి పోయాను. తేదీ దాటిన మందులు వేసే అట్టపెట్టె కిందకు లాగి వెతికాను. అందులో మా గులాబి గోళీ ఒక్కటీ లేదు.

"కంపెనోళ్ళు ఎవరన్న వస్తున్నరా?" అని అడిగాను.

"ఎవ్వరు వస్తలేరు. నీ తర్వాత ఒకాయన ఆర్నెల్లు తిరిగిండు, గంతే, బంద్."

నాకు ప్రాణం లేచొచ్చింది. "మరి మాలు పోతలేదు గద?"

"మాలు ఏడ ఆగుతది భావూ! ముసలోళ్ళు ఖాళీ స్ట్రిప్పు పట్టుకొస్తరు, గిదే కావాలంటరు. వేరేది చేతుల పెడితే తెల్లారి వాపస్ తెస్తరు. ఎవ్వరు రాకున్నా నడుస్తది. గిదంతా నువ్వు నేర్పిందే గద!"

అతను మెచ్చుకోలుగానే అన్నాడు. చాయ్ తెప్పించాడు. తాగకుండానే పక్కన పెట్టాను. నేను పోయినా నా పని వాళ్ళకు జీతం లేకుండా చాకిరీ చేస్తోంది. నన్ను తీసేసినా నష్టం రాకుండా ఏర్పాటు చేసిపెట్టింది నేనే. ఇంతకన్నా అవమానం ఏముంటుంది చెప్పండి!

ఇచ్చోడ నుంచి ఉట్నూర్ దాకా ఆ రోడ్డు మీద నేను ఆయన్ను తిట్టని తిట్టు లేదు. అద్దాలు ఎక్కించుకుని గట్టిగానే తిట్టాను. అక్కకు చెప్పాల్సిన నిజం నాకు అప్పటికి పూర్తిగా తెలుసు. కంపెనీ గట్టిది. షేరు ధర ఎక్కువగా ఉంది కాబట్టి మొదట్లో వచ్చే డివిడెండు బ్యాంకు వడ్డీకన్నా తక్కువే ఉంటుంది, కానీ ఏటేటా పెరుగుతూ పోతుంది. ఉన్నదంతా ఒక్కదాంట్లో పెట్టకుండా సగం పెట్టి, సగం బ్యాంకులో ఉంచుకుంటే ఆమెకు చివరిదాకా ఆసరా. ఇంతే చెప్పాలి. నాలుగు మాటలు.

అక్క జొన్నరొట్టెలు చేసి పెట్టింది. వంకాయ కూర వేసి ఎదురుగా కూర్చుంది. కిటికీలో ఆమె మందుల డబ్బా ఉంది, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్‌ది. లోపల గులాబి రంగు కనపడుతోంది. ఆ రంగు చూస్తే నాకు పూరీ ప్లేటు గుర్తొచ్చింది.

"చూసినవా తమ్మీ? ఎట్లున్నది?"

"కుళ్ళిపోయిందక్కా" అన్నాను.

నా నోటి నుంచి ఆ మాట ఎంత తీయగా వచ్చిందో చెప్పలేను. ఇక ఆగలేదు. పైకి కనపడేదంతా డాబు అన్నాను. లెక్కలన్నీ దొంగ లెక్కలన్నాను. ఎప్పుడో చాలా ఏళ్ళ కింద వాళ్ళ ఫ్యాక్టరీ ఒకదాంట్లో తనిఖీవాళ్ళు లోపాలు పట్టుకున్నారు, వీళ్ళు సరిదిద్దుకున్నారు. అది నివేదికలోనే ఉంది. దాన్ని నిన్న మొన్న జరిగినట్టు చెప్పాను, సరిదిద్దుకున్న సంగతి మింగేశాను.

"మందులు గూడ గట్లనేనా?" అంది అక్క.

"మందులల్ల దమ్మే లేదు. సుద్దముక్కలకు రంగేసి అమ్ముతుండ్రు."

"అయ్యో, నువ్వు గన్నేండ్లు జేసిన కంపెనీ గదరా."

"గందుకే నాకెర్క."

నా ప్లేటులో ఇంకో రొట్టె వేసి, "సరే తీయి, నువ్వు వద్దంటే వద్దు" అంది. తిరిగి వస్తుంటే కారులో పాటలు పెట్టుకున్నాను. ఒక్క మనిషి డబ్బునైనా ఆయనకు అందకుండా ఆపాను కదా అని నా ఆనందం. అక్క డబ్బుతో ఆయనకేం పని, అది సముద్రంలో చెంచాడు నీళ్ళు. అయినా నాకు ఆ చెంచాడే చాలనిపించింది.

రెండున్నర నెలల తర్వాత పక్కింటి సారు ఫోను చేశాడు. అక్క పొద్దున వాకిలి ఊడుస్తూ పడిపోయిందట. చీపురు పట్టుకున్న చెయ్యి బాగానే ఉందట, ఎడమ వైపు పనిచేయడం లేదట. ఆదిలాబాద్ తీసుకుపోయారు, నేను పోయి అక్కణ్ణుంచి కరీంనగర్ తెచ్చాను. మూతి వంకరపోయింది. మాట ముద్దగా వస్తోంది.

డాక్టరు చిన్నవాడు. బీపీ చూసి కేసుషీటు మీంచి తలెత్తాడు.

"ఏమ్మా, బీపీకి గోళీలు వాడుతున్నావా?"

"మానేసిన" అంది అక్క.

"ఎందుకు మానేశావు?"

అక్క నావైపు చూసింది. ఎక్కువసేపు కాదు. తర్వాత గోడవైపు చూసి, "మరిసిపోయిన" అంది.

మరిచిపోవడమా! ముప్పై ఏళ్ళు గడప గడపకూ తిరిగి గోళీ మరవద్దని జనాన్ని సతాయించిన మనిషి! డాక్టరు రాసిన చీటీ తీసుకుని కిందికి పోయి మందుల కౌంటరులో ఇచ్చాను. వాళ్ళు ఇచ్చిన వాటిలో ఆ గులాబి గోళీ స్ట్రిప్పు ఉంది. అదే కంపెనీ. అదే పేరు. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా లేవలేకపోయాను.

బట్టలు తేవడానికి ఉట్నూర్ ఇంటికి పోయినప్పుడు చూశాను, కిటికీలో డబ్బా లేదు. అలమార పై అరలో వెనక్కి పెట్టేసింది. గోళీలు నిండుగా ఉన్నాయి. పారేయలేదు, పైసలు పెట్టి కొన్నవి కదా. తిరిగి వచ్చి అక్క మంచం పక్కన కూర్చున్నాను. ఏం అడగకముందే ఆమే చెప్పింది, మాట మాటకూ ఆగుతూ.

"దమ్ము లేదంటివి గద. మానేసి చూసిన. తల తిరగలే, కండ్లు మసకలు రాలే, ఏం గాలే. నువ్వు జెప్పింది నిజమే అనుకున్న. మా ఊర్ల ఆడోళ్ళందరికీ గా గోళీ అలవాటు జేసింది నేనే. ముందుగాల నా పానం మీద చూసుకొని, ఇంకో నెల ఆగి, గప్పుడు వాళ్ళకు జెప్దమనుకున్న."

ఇంకో నెల. అక్క ఆ నెల గడవకముందే పడిపోయింది కాబట్టి ఆ ఊళ్ళు బతికిపోయాయి.

"అక్కా, నేను అబద్ధం చెప్పిన" అన్నాను. "కంపెనీ మంచిదే. మందు మంచిదే. నాకు ఆయన మీద కోపం."

అక్క మొహం అటు తిప్పుకుంది. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. నర్సులతో మాట్లాడింది, ఊడ్చే ఆమెతో మాట్లాడింది, మా ఇంటికి తీసుకొచ్చాక పాలవాడితో కూడా మాట్లాడింది. నాతో లేదు. నా షాపులోంచి తల దగ్గర లేచే మంచం తెచ్చి వేశాను, వాకరు తెచ్చాను. వస్తువులను చూసింది, నన్ను చూడలేదు. చిన్నప్పుడు తప్పు చేస్తే కూడా ఇట్లాగే చేసేది. కొడితే బాగుండు అనిపించేది అప్పుడూ.

పదో రోజు పిలిచింది. "షేర్లు కొను."

"ఇప్పుడెందుకక్కా అయి?"

"నువ్వు వద్దన్నవ్ గద. గందుకే."

ఆమే మళ్ళీ, "గీసారన్న నిజం జెప్పు" అంది. చెప్పాను. ఆ రోజు ఉట్నూర్‌లో చెప్పాల్సిన నాలుగు మాటలూ, ధర ఎక్కువన్న సంగతీ, సగమే పెట్టమన్న సలహా, అన్నీ వివరంగా చెప్పాను. ఏదైనా రేపు తేడా రావచ్చని, మందుల ధరలు తగ్గించమని సర్కారు అంటే లాభం తగ్గుతుందని కూడా చెప్పాను. అక్క మధ్య మధ్య ప్రశ్నలు వేసింది. సగం డబ్బుతో ఆమె పేరునే కొన్నాం. మొదటి డివిడెండు పడ్డప్పుడు అది ఆమెకు ఏడాది గోళీలకు సరిపోయింది. ఆ కంపెనీ ఇచ్చిన డబ్బు మళ్ళీ ఆ కంపెనీకే పోయింది.

కిందటి ఏడు కంపెనీ వార్షిక సమావేశానికి ముందు అక్క ఫోనుకు మెసేజి వచ్చింది. వాటాదార్లు ఇంట్లో కూర్చునే ఓటెయ్యొచ్చు. ఎవరెవరిని మళ్ళీ డైరెక్టర్లుగా ఉంచాలో అందులో జాబితా ఉంది. ఆయన పేరు మూడోది. నా ఒంట్లో రక్తం ఉరికింది. అక్కకు పూరీ ప్లేటు సంగతి మొదటిసారి పూర్తిగా చెప్పాను. అన్నేళ్ళు సిగ్గుతో దాచుకున్నది, చట్నీతో సహా చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఒక చేత్తో తుంచుతూ విన్నది.

"వానికి వ్యతిరేకంగ ఓటేస్తవా?"

"వేస్తనక్కా. నీ ఓటీపీ జెప్పు."

ఫోను చూసి ఒక్కొక్క అంకె చెప్పింది. నేను ఆయన పేరు ఎదురుగా వ్యతిరేకం అని ఉన్నచోట నొక్కాను. చాలా గట్టిగా నొక్కాను, గట్టిగా నొక్కితే గట్టిగా పడుతుందన్నట్టు. అయిపోయిందని చెప్పాను.

"మంచిగయ్యింది" అంది అక్క. చిక్కుడుకాయ పీచు తీసి పక్కన పెట్టింది. "వాడు నీ కొలువు తీసిండు. ఓటేసినవ్. నా చెయ్యి తీసినోని పేరు గూడ ఉన్నదా గందుల? ఉంటే చూడు, నేనే నొక్కుత."

వంకర మూతితో నవ్వింది. నేను ఫోను కిందపెట్టేశాను.

ఆయన మళ్ళీ ఎన్నికయ్యాడు. వ్యతిరేకంగా పడ్డవి లెక్కలోకి రానన్ని. ఈసారి కూడా నివేదికలో ఫోటో వచ్చింది, అక్క పేరున మా ఇంటికే వచ్చింది. పండ్లు నల్లగా చెయ్యాలని పెన్ను తీశాను గాని బుద్ధి పుట్టలేదు.

అక్క ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. రోజూ పొద్దున చాయ్ తాగాక గోళీ వేసుకుంటుంది. కుడి చెయ్యి బాగానే ఉంది, నోట్లో పెట్టుకోవచ్చు. పెట్టుకోదు. ఎడమ అరచెయ్యి చాపి అందులో పెట్టమంటుంది. వేళ్ళు మూసుకోవు. గోళీ జారి కింద పడుతుంది. ఇంకోటి ఇస్తానంటే వద్దంటుంది.

"గదే ఏరు."

వంగుతాను. నా నడుము సంగతి చెప్పాను కదా. గులాబి రంగు బండల మీద తొందరగా కనపడదు, చాలాసార్లు మంచం కిందికి దొర్లిపోతుంది. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టి వెతుకుతాను. అక్క పైన కూర్చుని ఓపిగ్గా ఎదురుచూస్తుంది, తొందర పెట్టదు.

ఇవాళ గోడ మూలదాకా పోయింది.

"దొరికిందా?" అంది.

"దొరికిందక్కా."

"ఊది, మళ్ళ పెట్టు" అని ఎడమ చెయ్యి చాపింది.